రాత్రికి అరవై వేల లీటర్లు

జూన్ 3

అత్తా,

మీ ట్యాంకు దగ్గర్నుంచి వారం వారం హెడ్డాఫీసుకి వచ్చే రీడింగుల సంచీ ఇప్పుడు నా బల్ల మీదకే వస్తోంది. విప్పగానే నీ చేతిరాత. ఏడుకి నడుం మీద అడ్డగీత, ఒకటికి టోపీ. పక్క బల్ల ఆయనకి చూపించి, "ఇవి మా మేనత్త రాసిన అంకెలు, ఇరవై ఆరేళ్ళుగా ఆ ట్యాంకు ఆవిడ చేతి కిందే ఉంది" అన్నాను. "ఆడవాళ్ళు ట్యాంకులు కూడా ఎక్కుతారా?" అన్నాడు. "మీరు లిఫ్టు లేకపోతే మొదటి అంతస్తుకి రారు, మా అత్త రోజూ తొంభై ఆరు మెట్లు ఎక్కుతుంది" అన్నాను. అప్పట్నుంచి నాతో మాటలు తగ్గించాడు. హాయిగా ఉంది.

అసలు సంగతి. నాకు మొదటిసారి సొంతంగా ఒక పని అప్పజెప్పారు. ఏదో ఒక ట్యాంకు తీసుకుని దానికి మోడల్ కట్టాలి. నేను నీ ట్యాంకే కావాలని అడిగి తీసుకున్నాను. మోడల్ అంటే బొమ్మ కాదు, లెక్క. కాగితం మీద ట్యాంకు చుట్టూ ఒక గీత గీస్తాం. ఆ గీత దాటి లోపలికి ఎన్ని నీళ్ళు వచ్చాయి, దాటి బయటికి ఎన్ని వెళ్ళాయి అని చూస్తాం. వచ్చినవాటిలోంచి వెళ్ళినవి తీసేస్తే ఎంత మిగిలిందో, లోపల మట్టం సరిగ్గా అంతే పెరగాలి. ఎక్కువ వెళ్తే అంతే తగ్గాలి. నీళ్ళు మధ్యలో పుట్టవు, మధ్యలో మాయం కావు. గీత లోపల ఉన్న చోటుని మావాళ్ళు కంట్రోల్ వాల్యూమ్ అంటారు.

జనవరి నుంచి ఉన్న పాత పుస్తకాలు కూడా పంపు. రీడింగులు ఎలా తీస్తారో వివరంగా రాయి.

నీ కోడలు

*

జూన్ 10

కోడలు పిల్లా,

వచ్చింది ఎంత, పోయింది ఎంత, ఉన్నది ఎంత. ఇందుకా మీ నాన్న నిన్ను నాలుగేళ్ళు చదివించాడు? బిందె ముందు కూర్చున్న ఏ ఇల్లాలిని అడిగినా చెప్తుంది. అయినా నా ట్యాంకే కావాలని అడిగావని చదివి, ఆ ఉత్తరం ఇక్కడ చూపించని మనిషి లేడు. బ్లీచింగు పౌడరు డబ్బాలు దించడానికి వచ్చిన లారీ డ్రైవరుకి కూడా చదివి వినిపించాను. పాపం, ఇంజన్ ఆపకుండా విన్నాడు.

రీడింగుల సంగతి. ఉదయం ఆరింటికి నేను డ్యూటీ ఎక్కుతాను. ఎక్కగానే కింద పైపుల గదిలో మూడు మీటర్లు చూస్తాను. లోపలికి వచ్చే పైపుది ఒకటి, బయటికి పోయేవి రెండు. తర్వాత పైకెళ్ళి, మూత తీసి, లోపలి గోడకి బిగించిన కొలబద్ద మీద మట్టం ఎన్ని సెంటీమీటర్లుందో చూస్తాను. కింద ఒక గాజు గొట్టం ఉండేది, మట్టం అందులోనే కనిపించేది. అది పగిలి ఏళ్ళయింది. కొత్తది వస్తోందిట, ఇంకా వస్తూనే ఉంది. సాయంత్రం ఆరింటికి దబ్బనం డ్యూటీ ఎక్కుతాడు, అప్పుడు వాడు ఇలాగే చూస్తాడు. ఎవరు డ్యూటీ ఎక్కితే వాళ్ళదే రీడింగు. పుస్తకంలో "ఉదయం 6", "సాయంత్రం 6" అని పైన అచ్చులోనే ఉంటుంది, కింద అంకెలు నింపడమే మా పని.

దబ్బనం అంటే రాత్రి ఆపరేటరు. మనిషి అలా ఉంటాడని ఆ పేరు. నలభై దాటాయి, పక్కకి తిరిగితే కనిపించడు. పదకొండేళ్ళు కాంట్రాక్టు మీద చేసి, ఆగస్టులో పర్మనెంటు కాబోతున్నాడు. పని నేర్పింది నేనే.

ఫోను చెయ్యకుండా ఉత్తరాలేమిటని మీ నాన్న సణుగుతున్నాడట. మోటార్ల రొదలో నాకు సగం వినపడదు, నువ్వేమో గడగడా మాట్లాడతావు. సంచీ ఎలాగూ వస్తుంది, పోతుంది. దాంట్లో ఒక కాగితం ఎక్కువైతే బరువు కాదులే.

పాత పుస్తకాలు కట్టగట్టి పెట్టాను. చూడు, ఒక్క కొట్టివేత ఉంటే చెప్పు.

మీ అత్త

*

జూన్ 24

అత్తా,

కొట్టివేత ఒక్కటీ లేదు. కానీ లెక్క కుదరడం లేదు.

నేను రాత్రి పన్నెండు గంటలే తీసుకున్నాను, సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా. రాత్రి ఊరు పెద్దగా నీళ్ళు వాడదు కాబట్టి ఎక్కడైనా కారితే ఇట్టే తెలుస్తుంది. నీ ట్యాంకులో ఒక సెంటీమీటరు అంటే మూడు వేల లీటర్లు. వచ్చినవి, పోయినవి మీటర్ల ప్రకారం వేసి చూస్తే, ఉదయానికి మట్టం ఉండాల్సిన చోటు కంటే ఇరవై సెంటీమీటర్లు కిందుంటోంది. అంటే రాత్రికి అరవై వేల లీటర్లు పోతున్నాయి! జనవరిలో ఇది ఏడు వేలే. మార్చికి ఇరవై వేలు దాటింది. నెల నెలా పెరుగుతోంది.

మా పెద్ద ఇంజనీరు గారు కాగితం రెండుసార్లు చూసి, "ఇది నువ్వే పట్టుకున్నావా?" అన్నారు. నేను ఎంత పొంగిపోయానో నీకే చెప్తున్నాను, ఇంకెవరికీ చెప్పకు. రిపోర్టు నా పేరు మీదే పైకి పంపించారు.

ట్యాంకు అడుగున, పైపుల కీళ్ళ దగ్గర ఎక్కడైనా చెమ్మ ఉందేమో చూడవా?

నీ కోడలు

*

జూలై 1

కోడలు పిల్లా,

చెవుల్లో ఒత్తులు పెట్టుకున్నవాళ్ళకి కూడా వినపడేలా చెప్పాను, మా కోడలు రాత్రికి అరవై వేల లీటర్లు పట్టుకుందని. ఎవరికీ చెప్పకన్నావు, కానీ ఇలాంటివి కడుపులో దాచుకుంటే నాకు అరగదు.

సుద్దముక్క పట్టుకుని నేనూ దబ్బనం ప్రతి కీలూ తడిమి చూశాం. చూసినచోటల్లా గుండ్రం చుట్టాం. ఒక్కచోట చెమ్మ లేదు. ట్యాంకు కింద నేల ఎలా ఉందంటే, చెప్పు లేకుండా నడిస్తే పాదం కాలుతోంది. అరవై వేల లీటర్లు రోజూ కారితే ఇక్కడ చెరువు అయ్యుండాలి కదే. దబ్బనం అయితే వాలుగా పడుకుని అడుగున టార్చి వేసి మరీ చూశాడు. "అక్కా, మీ కోడలు పట్టింది కదా, ఎక్కడో ఉండే ఉంటుంది" అంటాడు. వాడికి నీ మీద అంత నమ్మకం.

నువ్వే ఇంకోసారి చూడు.

మీ అత్త

*

జూలై 8

దబ్బనానికి మెమో వచ్చింది. రాత్రిపూట వాల్వు తిప్పి ఎవరికో నీళ్ళు వదులుతున్నాడట. పదిహేను రోజులుగా కీళ్ళ కింద దొర్లి నీ పోయిన నీళ్ళ కోసం వెతికినవాడు వాడే. డ్యూటీలోంచి తప్పించారు. ఆగస్టు రెండున విచారణ. తప్పు తేలితే పర్మనెంటు మాట దేవుడెరుగు, ఉన్న కాంట్రాక్టే ఉండదు.

మెమోతో పాటు నీ రిపోర్టు కాపీ కుట్టి పంపారు. నా కోడలి పేరు చూపించి ఊరంతా మురిసినదాన్ని, అదే పేరు వాడి చేతిలో చూశాను.

ఇదేనా నువ్వు కట్టిన మోడల్?

అత్త

*

జూలై 12

అత్తా,

నేను దబ్బనం గారి పేరు ఎక్కడా రాయలేదు. "రాత్రి వేళల్లో నష్టం" అని మాత్రమే రాశాను. రాత్రి ఎవరుంటారో వాళ్ళే చూసుకున్నారు. అది నా చేతిలో లేదు.

నువ్వు కోప్పడినా ఒక మాట చెప్పాలి. అంకెలు ఎవరి మొహమూ చూడవు. నీళ్ళు కారలేదు, ఆవిరై పోలేదు. గీత దాటి వెళ్ళాయి, మీటరుకి తెలియకుండా వెళ్ళాయి. నువ్వు పని నేర్పిన మనిషి కాబట్టి నీకు నమ్మబుద్ధి కావడం లేదేమో. నేను నాలుగుసార్లు లెక్క వేశాను, నాలుగుసార్లూ అదే వచ్చింది.

నువ్వు కోపంగా ఉంటే నాకు ఇక్కడ అన్నం సహించడం లేదు. అయినా లెక్క మార్చలేను.

నీ కోడలు

*

జూలై 17

కోడలా,

నీ లెక్క తప్పని నేను అనను. తప్పు నాది. ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్తున్నాను, విను.

నేను మట్టం ఎప్పుడూ ఉన్నదాని కంటే రెండు సెంటీమీటర్లు తగ్గించి రాస్తాను. నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పిన మాట ఇది. "పుస్తకంలో తక్కువుండాలి, ట్యాంకులో ఎక్కువుండాలి. ఏ రోజైనా మోటారు మొరాయిస్తే ఆ రెండు వేళ్ళ నీళ్ళే ఊరి పరువు కాపాడతాయి" అనేవాడు. రెండుసార్లు కాపాడాయి కూడా. దబ్బనానికీ అదే నేర్పాను, వాడూ అలాగే రాస్తాడు. నువ్వు పట్టుకున్నది ఇదే అయ్యుంటుంది. దొంగ అంకె రాసింది నేను, మెమో వచ్చింది వాడికి.

విచారణలో చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోయింది, రెండేళ్ళేగా ఉంది. నీ రిపోర్టులో మచ్చ పడకుండా ఎలా చెప్పాలో మాత్రం రాయి.

మీ అత్త

*

జూలై 22

అత్తా,

నువ్వు ఎవరికీ ఏమీ చెప్పకు. ఆ రెండు సెంటీమీటర్లు నా లెక్కకి తగలనే తగలవు! నేను చూసేది మట్టం ఎంతుందని కాదు, ఎంత మారిందని. సాయంత్రం రెండు తగ్గించి, ఉదయం రెండు తగ్గించి రాస్తే, మారింది మారినంతే ఉంటుంది. చెప్పులు వేసుకునే పొడుగు కొలిస్తే, పిల్ల ఏడాదిలో ఎంత పెరిగిందో చెప్పడంలో తేడా రాదు కదా, అలా. పైగా నీ రెండు ఎప్పుడూ రెండే. నాకు కనిపిస్తున్నది నెల నెలా పెరుగుతోంది.

కానీ నీ ఉత్తరం చదివాక కూర్చోలేకపోయాను. ఇరవై ఆరేళ్ళ గుట్టు దబ్బనం గారి కోసం విప్పావు, నేను మాత్రం వేసిన లెక్కనే నాలుగుసార్లు వేసి నాలుగుసార్లు చూశానని గొప్పలు పోయాను. ఎప్పుడూ వెయ్యని లెక్క ఒకటి ఉంది. పగటిది. అది తీశాను.

అత్తా, పగలు నీ ట్యాంకులో నీళ్ళు పుడుతున్నాయి. రోజుకి అరవై వేల లీటర్లు. రాత్రి ఎంత పోతోందో, పగలు సరిగ్గా అంత వచ్చి చేరుతోంది. ఇరవై నాలుగు గంటలు కలిపి వేస్తే లెక్క చుక్క తేడా లేకుండా కుదురుతోంది. దొంగ ఎవడైనా తెల్లారాక నీళ్ళు తెచ్చి పోస్తాడా?

అంటే నీళ్ళు ఎటూ పోలేదు. రాత్రికి చివర, పగటికి మొదలు అయిన ఒక్క అంకె తప్పు. ఉదయం ఆరింటి మట్టం. ఉండాల్సిన దాని కంటే అది తక్కువ వస్తోంది. ఉదయం ఆరు దాటాక ఊరంతా కుళాయిలు తిప్పుతుంది, మట్టం రెండు నిమిషాలకో సెంటీమీటరు పడిపోతుంది. మీటర్లు ఆరింటికి చూసి, మట్టం మాత్రం ఆలస్యంగా చూస్తే ఇలాగే అవుతుంది.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీటర్లు చూశాక పైకి ఎక్కడానికి నీకు ఎంతసేపు పడుతోంది?

నీ కోడలు

*

జూలై 25

ఐదు నిమిషాలు. ఎప్పుడూ ఐదే.

మీ నాన్న రాయించాడా ఈ ప్రశ్న? వాడికి ముందునుంచీ ఇదే గోల. ఆడది ట్యాంకు ఎక్కడమేమిటని ఉద్యోగంలో చేరిన రోజే అన్నాడు, ఈ వయసులో ఎక్కడమేమిటని ఇప్పుడంటున్నాడు. నిన్నగాక మొన్న లెక్కలు నేర్చుకున్న పిల్ల కూడా నా కాళ్ళు కొలుస్తోంది. మట్టం చూడ్డానికి ముహూర్తం పెట్టుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. నీళ్ళు ఉన్నంత ఉన్నాయి, రాశాను.

దబ్బనాన్ని కాపాడే దారి చూడు ముందు.

అత్త

*

జూలై 29

అత్తా,

నాన్నకి ఏమీ తెలియదు. నాకు చెప్పింది నీ అంకెలే. జనవరిలో ఏడు వేల లీటర్లు, అంటే ఐదు నిమిషాలు. నువ్వు చెప్పిన ఐదు నిమిషాలే. మార్చిలో పద్నాలుగు. జూన్‌లో నలభై. ఆదివారాల్లో కొంచెం తక్కువ, ఎందుకంటే శనివారం నీకు సెలవు, కాలికి ఒకరోజు విశ్రాంతి దొరుకుతుంది. సెలవు రోజున నీ బదులు వేరే ఆయన చూసిన రీడింగులో నష్టమే లేదు. కాగితం ముందేసుకుని ఏడ్చాను. ఏడు నెలలుగా నువ్వు ఎవరికీ చెప్పని నొప్పి, వారం వారం నా బల్ల మీదకి వస్తూనే ఉంది. నేను దానికి నీళ్ళ దొంగతనం అని పేరు పెట్టాను.

పెద్ద ఇంజనీరు గారి గదికి వెళ్ళి నా రిపోర్టు తప్పని చెప్పాను. పగటి లెక్క చూడకుండానే పంపానని చెప్పాను. ఆయన పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత, "తప్పు ఎక్కడుందో కూడా నువ్వే తెచ్చావు, కూర్చో" అన్నారు. సవరించిన రిపోర్టు విచారణకి పంపించాం. అందులో "రీడింగులు తీసే సమయాల్లో తేడా వల్ల ఏర్పడిన వ్యత్యాసం" అని రాశాను. ఎవరి సమయం, ఎందుకు తేడా అని రాయలేదు. ఫిట్‌నెస్ పరీక్ష అంటూ నిన్ను ట్యాంకు మీంచి దింపేస్తారని నాకు తెలుసు. నీ మాట ఎక్కడా రాకుండా చూశాను. నువ్వు నిశ్చింతగా ఉండు, డాక్టరుకి మాత్రం చూపించు.

నీ కోడలు

*

ఆగస్టు 4

కోడలు పిల్లా,

తీరిగ్గా కూర్చుని చదువు. ఇది పెద్ద ఉత్తరం.

రెండో తారీకున విచారణకి ముగ్గురు వచ్చారు. పైపుల గదిలో బల్ల వేశాం. నీ కొత్త రిపోర్టు పైకి చదివారు. సమయాల్లో తేడా అనగానే నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఆ ముగ్గురిలో బట్టతల ఆయన, "ఎవరి సమయం? రాత్రివాడిదే అయ్యుంటుంది, పడి నిద్రపోయి ఎప్పుడో లేచి చూసుంటాడు" అన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు. నువ్వు నన్ను కాపాడ్డానికి తెరిచి పెట్టిన సందులో వాడిని తోశారు.

నేను దబ్బనం వైపు చూశాను, వాడు నేల చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, వాడికి మొదట్నుంచీ తెలుసని. రోజూ ఉదయం డ్యూటీ దిగి సైకిలు తీస్తూ, నేను మెట్ల మీద కూర్చుని కూర్చుని ఎక్కడం చూసేవాడు. మెమో వచ్చినప్పుడు ఒక్క మాట చెప్తే బయటపడేవాడు. పర్మనెంటు పోయినా సరే, నా కాలు సంగతి నోట్లోంచి రానివ్వలేదు. నేను మాత్రం నీకు ఐదు నిమిషాలని రాశాను. సిగ్గేసిందే. చాలా సిగ్గేసింది.

లేచి నిలబడి, "రేపు ఉదయం ఆరింటికి గడియారాలు పెట్టుకుని రండి, మీ నీళ్ళు ఎక్కడున్నాయో చూపిస్తాను" అన్నాను.

వచ్చారు. ఆరు కొట్టగానే అందరి ముందూ మూడు మీటర్లు రాశాను. "ఇప్పుడు వీణ్ణి ఎక్కమనండి" అన్నాను. దబ్బనం నాలుగు నిమిషాల్లో పైనున్నాడు. బట్టతల ఆయన రొప్పుతూ వెనకాలే వెళ్ళి మట్టం తనే చూసి రాసుకున్నాడు. వాళ్ళ వెనకే నేనూ బయల్దేరాను.

తొంభై ఆరు మెట్లు. ఇన్నాళ్ళూ ఎవరూ చూడకుండా ఎక్కాను, నిన్న అందరూ చూస్తుండగా ఎక్కాను. ఎడమ కాలు పైకి, కుడి కాలు దాని పక్కకి లాక్కోవడం. పన్నెండు మెట్లకోసారి కూర్చోవడం. కింద నిలబడ్డ ఇద్దరిలో ఒకాయన "చాలమ్మా, అర్థమైంది, దిగిపోండి" అని అరిచాడు. మీకు అర్థమైతే చాలదు, పుస్తకంలో పడాలి అన్నాను. దబ్బనం చెయ్యి అందించడానికి సగం దాకా దిగి వచ్చాడు. వద్దన్నాను. చెయ్యి పట్టుకుంటే టైము తప్పు వస్తుంది కదా.

పైకి చేరేసరికి ఆరూ నలభై రెండు. మూత తీసి మట్టం చదివాను. దబ్బనం ఎక్కినప్పటికంటే పందొమ్మిది సెంటీమీటర్లు తక్కువ. యాభై ఏడు వేల లీటర్లు. బట్టతల ఆయనకి నేనే గుణించి చెప్పాను. "మీరు వెతికే నీళ్ళు ఇవే సార్. ఎవరూ ఎత్తుకుపోలేదు. నేను ఎక్కేలోపు ఊరివాళ్ళు మొహాలు కడుక్కున్నారు" అన్నాను. ఆయన వంగి కొలబద్ద తనే చూసి, ఇందాకటి అంకె పక్కన ఇదీ రాసుకున్నాడు. తర్వాత దబ్బనం వైపు తిరిగి, పెద్దమనిషి, నమస్కారం పెట్టాడు.

మెమో అక్కడే వెనక్కి తీసుకున్నారు. పర్మనెంటు కాగితం పైకి వెళ్ళింది. ఇక మీదట ఉదయం మట్టం దబ్బనమే డ్యూటీ దిగేముందు చూస్తాడు, అదే నిమిషంలో కింద మీటర్లు నేను చూస్తాను. పుస్తకంలో కొత్తగా ఒక గడి గీయించాను, ఎవరు ఎన్ని గంటలకి చూశారో రాయడానికి. రెండు వేళ్ళ సంగతి కూడా చెప్పేశాను. ముగ్గురూ నవ్వారు, ఇక నుంచి ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. డాక్టరు మోకాలు నొక్కి చూసి నన్ను తిట్టాడు, మీ మావయ్య ఆయనకి తోడు కలిశాడు. ఇద్దరికీ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నీ సంగతి. అంత పెద్దాయన గదిలోకి వెళ్ళి నీ రిపోర్టు తప్పని నీ నోటితో నువ్వే చెప్పావు చూడు, ఆ ఉత్తరం మాత్రం ఎవరికీ చూపించలేదు. నా పెట్టెలో పెట్టుకున్నాను. అరవై వేల లీటర్లు పట్టుకున్నావని విన్నప్పుడు మురిశాను. ఇది చదివాక గుండె నిండిపోయింది. మా ఇంట్లో పుట్టిన పిల్ల ఇది అని నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.

కానీ నన్ను దాచావు. ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది. బట్టతల ఆయన దయ తలిచి "సమయాల్లో తేడా అని ఉందిగా, అలాగే ఉంచేద్దామమ్మా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఈ ఊరి నీళ్ళు ఇరవై ఆరేళ్ళు చూసినదాన్ని, నా నలభై రెండు నిమిషాలు వేరేవాళ్ళ ఖాతాలో పడనిస్తానా? రిపోర్టు మళ్ళీ రాయి. ఉదయం మట్టం చూసింది ఎవరు, ఎక్కడానికి ఎంతసేపు పట్టింది, ఎందుకు పట్టింది, మూడూ రాయి. మోకాలు కుడిది. పొరపాటున ఎడమ అని రాసేవు.

మీ అత్త,
పగటి ఆపరేటరు